యాంటీబయాటిక్ వాడినాక దురద, తెల్లబట్ట

ప్రశ్న (హన్మకొండ): యాంటీబయాటిక్ కోర్సు అయినాక దురద, మంట, విరిగిన పాలలా తెల్లబట్ట. వాసన లేదు. మందుల షాపుల ఇచ్చే దురద క్రీమ్ రాయొచ్చా?

జవాబు: వద్దక్కా. వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలుస్తది. దురద అణుగుతది, ఫంగస్ పెరుగుతది. యాంటీబయాటిక్ మందు యోనిలో ఉండే మంచి బ్యాక్టీరియాను చంపితే క్యాండిడా అనే ఫంగస్ (ఈస్ట్) పెరుగుతది, అదే జరిగి ఉంటది. మొదటిసారైతే గైనిక్ డాక్టరుకు చూపించండి. మామూలుగా క్లోట్రిమజోల్ 100 మి.గ్రా. మాత్ర పడుకునే ముందు యోని లోపల పెట్టుకోవాలి, 6 రాత్రులు. రెండు రోజులకే తగ్గిందని మధ్యల ఆపొద్దు, మళ్లీ వస్తది.

జవాబు: లేదా ఫ్లూకోనజోల్ 150 మి.గ్రా. ఒక్కసారి మింగాలి. గర్భిణులు మింగొద్దు.

జవాబు: ఏడాదికి 3 సార్లు వస్తే షుగర్ పరీక్ష తప్పనిసరి. చేప వాసన ఉంటే అది ఈస్ట్ కాదు, ఈ మందులు పనిచేయవు. జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే ఆగకుండ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోండి. డెటాల్‌తో లోపల కడగొద్దు.