తాతయ్య పతకాల్లో శౌర్య పతకం ఒక్కటీ లేదు, మరి ఇవన్నీ దేనికి ఇచ్చినట్టు?

గూడెం అమ్మాయి (ప్రశ్న)

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, 1963లో సైన్యంలోని ఇంజనీర్ దళం మద్రాస్ సాపర్స్‌లో చేరి 1987లో సుబేదార్‌గా రిటైరయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. మా వైపు మిలిటరీ మాధవరం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, అక్కడ ఏ ఇంట్లో అడిగినా సైన్యంలో చేసినవాళ్లు ఒకరైనా ఉంటారు, ఆ గాలి చుట్టుపక్కల ఊళ్లకీ సోకింది. తాతయ్య ఇప్పుడు లేరు. ఆయన పతకాల్ని అమ్మమ్మ ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టి దాచింది. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడదామని నేను బయటికి తీశాను.

మొత్తం ఏడు ఉన్నాయి. హిందీ కూడబలుక్కుని చదివితే పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, రక్షా మెడల్, సైన్య సేవా మెడల్ (దీని రిబ్బన్ మీద "హిమాలయ" అని చిన్న పట్టీ ఉంది), స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయినప్పుడు ఇచ్చింది ఒకటి, ఇంక 20 ఏళ్ల సర్వీసుది, 9 ఏళ్ల సర్వీసుది.

మా పెద్దమావయ్య చూసి "ఇవన్నీ అందరికీ ఇచ్చేవేనమ్మా, వీరచక్ర లాంటిది ఒక్కటీ లేదు, హాల్లో పెట్టి ఎవరికి చూపిస్తావు" అన్నాడు. అమ్మ మొహం చిన్నబోయింది. నాకు గట్టిగా జవాబు చెప్పాలనిపించింది గానీ చెప్పడానికి ఏమీ తెలియదు. ఇవి నిజంగానే అందరికీ ఇచ్చేవా? తాతయ్య యుద్ధంలో ఉన్నారో లేదో వీటిని బట్టి తెలుస్తుందా? ఇంకో సందేహం, జనవరి 26 పరేడ్‌లో జనరల్స్ ఛాతీ మీద వరసలు వరసలుగా రిబ్బన్లు ఉంటాయి కదా, వాళ్లందరూ అన్ని యుద్ధాలు చేశారా, లేక అవి వేరే రకమా?

మాజీ సుబేదార్, నెల్లూరు

అమ్మాయ్, ముందు మీ మావయ్యగారి మాట సంగతి చూద్దాం. కొన్ని అందరికీ ఇచ్చేవే, కాదనను. 1971 యుద్ధం నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకి, ఎక్కడున్నా సరే, సంగ్రామ్ మెడల్ వచ్చింది. 1965కి రక్షా మెడల్ కూడా అంతే. 25 ఏళ్ల స్వాతంత్ర్యానిది కూడా ఆ రోజుకి యూనిఫాంలో ఉన్నవాళ్లందరిదీ.

కానీ పశ్చిమీ స్టార్ అలాంటిది కాదు. స్టార్ అంటే పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నవాళ్లకి ఇచ్చేది. తూర్పున బంగ్లాదేశ్ వైపు చేసినవాళ్లకి పూర్వీ స్టార్, పడమట పాకిస్తాన్ సరిహద్దులో చేసినవాళ్లకి పశ్చిమీ స్టార్. అంటే మీ తాతగారు 1971 డిసెంబర్‌లో ఏ ట్రైనింగ్ సెంటర్‌లోనో కూర్చుని లేరు, పడమటి ఫ్రంట్‌లో ఉన్నారు. 1965కి ఆయన దగ్గర రక్షా మెడల్ ఉంది గానీ ఆ యుద్ధానికి ఇచ్చిన సమర్ సేవా స్టార్ లేదు, కాబట్టి ఆ యుద్ధంలో ముందు వరుసకి వెళ్లి ఉండరు, అప్పటికి కొత్తగా చేరిన కుర్రాడు కదా. హిమాలయ పట్టీ ఉన్న సైన్య సేవా మెడల్ అంటే కొండల్లో, చలిలో, కష్టమైన చోట డ్యూటీ చేశాడని. ఇరవై ఏళ్లది కూడా ఊరికే రాదు, అన్నేళ్లు నెగ్గుకు రావాలి.

రిబ్బన్లు చదవడం వచ్చినవాడికి అక్కడ ఒక మనిషి సర్వీసు మొత్తం కనిపిస్తుంది, ఎప్పుడు చేరాడు, ఎక్కడ తిరిగాడు, ఏ యుద్ధంలో ఎటువైపు ఉన్నాడు అన్నీ. నిక్షేపంగా హాల్లో పెట్టండి. వరస మాత్రం స్టార్ మొదట రావాలి, తొమ్మిదేళ్లది చివర. చూసేవాళ్లకి ఎడమ నుంచి కుడికి.

పాత యుద్ధాల పిచ్చి

సుబేదార్ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను, మద్రాస్ సాపర్స్, పశ్చిమీ స్టార్ అనగానే నాకు బసంతర్ నది దగ్గర జరిగిన పోరు గుర్తొచ్చింది.

సాపర్లు అంటే ఇంజనీర్ దళం, మందుపాతరలు తీయడం, వంతెనలు వేయడం వీళ్ల పని. 1971 డిసెంబర్‌లో షకర్‌గఢ్ ప్రాంతంలో మన ట్యాంకులు బసంతర్ నది దాటాలంటే ముందు పాకిస్తాన్ వేసిన మందుపాతర పొలాల్లో దారి చెయ్యాలి. అది చేసింది 9 ఇంజనీర్ రెజిమెంట్, మద్రాస్ సాపర్స్‌దే. శత్రువు కాల్పుల మధ్య, రాత్రిపూట, నేల మీద వంగి ఒక్కొక్క మందుపాతర తీసుకుంటూ వెళ్లడం ఎలాంటి పనో ఒక్కసారి ఊహించుకోండి. ఆ రెజిమెంట్‌లో మేజర్ విజయ్ రతన్ చౌధరి ఆ పనిలోనే ప్రాణం పోగొట్టుకున్నారు, ఆయనకి మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది. దారి పూర్తిగా సిద్ధం కాకముందే అవతలి ఒడ్డున ఉన్న మన పదాతి దళం మీదికి శత్రువు ట్యాంకులు వస్తుంటే, పూనా హార్స్ అనే రెజిమెంట్ ట్యాంకులు ఆగకుండా మందుపాతరల మధ్య నుంచే దూసుకెళ్లాయి. డిసెంబర్ 16న సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్పాల్, 21 ఏళ్ల కుర్రాడు, ట్యాంకు అంటుకున్నా వెనక్కి రాకుండా పోరాడి చనిపోయాడు, పరమవీర్ చక్ర వచ్చింది. అదే పోరులో జర్పాల్ దగ్గర 3 గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్‌కి కూడా పరమవీర్ చక్ర, ఆయన బతికుండగానే అందుకున్నారు.

మీ తాతగారు ఆ రెజిమెంట్‌లోనే ఉన్నారని నేను అనడం లేదు, సాపర్స్‌లో చాలా రెజిమెంట్లు ఉన్నాయి. డిశ్చార్జ్ బుక్ దొరికితే యూనిట్ పేరు, ఆయనకి రావలసిన పతకాల జాబితా రెండూ అందులో ఉంటాయి, వెతకండి.

ఇక జనరల్స్ రిబ్బన్ల ప్రశ్న. మన దగ్గర పతకాలు మూడు దారుల్లో వస్తాయి. శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర్, మహావీర్, వీర్ చక్రలు. యుద్ధం కాని చోట, ఉగ్రవాదుల మీద పోరు లాంటి వాటికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. మన శ్రీకాకుళం జిల్లా మేజర్ మల్ల రామగోపాల్ నాయుడు గారికి 2024లో వచ్చింది కీర్తి చక్రే. మూడోది సాహసానికి కాదు, సేవకి, నాయకత్వానికి: పరమ విశిష్ట, అతి విశిష్ట, విశిష్ట సేవా మెడల్స్. యుద్ధకాలంలో దళాల్ని గొప్పగా నడిపించినందుకు ఇచ్చేవి 1980లో విడిగా పెట్టారు, సర్వోత్తమ్, ఉత్తమ్ యుద్ధ సేవా మెడల్స్, వాటి కింద యుద్ధ సేవా మెడల్. జనరల్స్ ఛాతీ మీద పై వరసలో ఎక్కువగా కనిపించేవి ఈ మూడో రకం. సేనా మెడల్ ఒక్కటి రెండు వైపులా ఉంటుంది, సాహసానికీ ఇస్తారు, సేవకీ ఇస్తారు, అది దేనికొచ్చిందో విడిగా కనుక్కోవలసిందే.

సాహసం, నాయకత్వం రెండూ ఒకే మనిషిలో కనిపించేది పూనా హార్స్‌ని బసంతర్‌లో నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్‌లో. మందుపాతరల్లోంచి ట్యాంకులు దాటించి, ఎదురుదాడులు మీద మీద పడుతున్నా ఒక్క ట్యాంకు కూడా వెనక్కి తగ్గకుండా నిలబెట్టినందుకు ఆయనకి మహావీర్ చక్ర. తర్వాత లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు, కెరీర్ మొత్తానికి పరమ విశిష్ట సేవా మెడల్. నాయకత్వం అంటే ఆఫీసులో ఫైళ్లు చూడడం ఒక్కటే కాదని ఆయన్ని చూస్తే అర్థమవుతుంది. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారూ అంతే కదా, 16 బిహార్ బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్, కోరుకొండ సైనిక్ స్కూల్ విద్యార్థి, 2020 జూన్ 15న గల్వాన్‌లో తన జవాన్లకి ముందు తనే నిలబడ్డారు. 2021లో మహావీర్ చక్ర ప్రకటించారు.

విశాఖ వాసి

నా బాధ ఇంకోటి. పతకాలు పెట్టుకునే వరసలో పరమ విశిష్ట సేవా మెడల్ మహావీర్ చక్ర కంటే పైన ఉంటుంది, అతి విశిష్ట వీర్ చక్ర కంటే పైన. గుండు దెబ్బలు తిన్నవాడి పతకం కిందా, హెడ్‌క్వార్టర్స్‌లో బాగా పనిచేసిన జనరల్‌ది పైనా? ఇది నాకు ఎప్పటికీ మింగుడు పడదు. సుబేదార్‌కి, హవల్దార్‌కి పరమ విశిష్ట రావడం ఎక్కడా చూడం, అది వెళ్లేది పెద్ద ర్యాంకులకే. వాళ్లకి ఉన్న దారి ఎక్కువగా సాహసమే, అందులో చాలామంది పతకం అందుకోవడానికి బతికి ఉండరు.

మాజీ సుబేదార్, నెల్లూరు

విశాఖ తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమైంది, వరస విషయంలో నాదీ అదే అభిప్రాయం, మహావీర్ చక్ర పైన ఉండాలి. కానీ జనరల్‌ది తేలిక పని అనకు. లక్షమందికి తిండి, మందుగుండు, రోడ్డు, ఆస్పత్రి సమయానికి చేరకపోతే ముందు చచ్చేది ముందు వరుసలో ఉన్న మేమే. ఆ పనికి పతకం ఉండాలి, ఎక్కడ పెట్టుకోవాలన్నదే గొడవ.

కింది ర్యాంకులకి సాహసమే దారి అన్నావు, ఆ దారిలో వాళ్లు ఎంత పైకి వెళ్లారో పరమవీర్ చక్రలే చూడు. కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్, లాన్స్ నాయక్ అల్బర్ట్ ఎక్కా, సుబేదార్ జోగిందర్ సింగ్, నాయబ్ సుబేదార్ బాణా సింగ్, వీళ్లెవరూ ఆఫీసర్లు కాదు. లడఖ్ మనిషి చెవాంగ్ రించెన్ 17 ఏళ్లప్పుడు 1948లో మహావీర్ చక్ర తీసుకున్నాడు, 1971లో తుర్తుక్ గెలిచినప్పుడు రెండోసారి అదే తీసుకున్నాడు.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, పతకం రావాలంటే ఎవరో ఒకరు చూడాలి, చూసింది రాయాలి. కమాండింగ్ ఆఫీసర్ రాసి పంపితే బ్రిగేడ్, డివిజన్, అలా పైకి ఢిల్లీ దాకా పోవాలి. రాత్రి చీకట్లో ఒక సెక్షన్ మొత్తం పోయిందనుకో, ఎవడేం చేశాడో చెప్పడానికి మనిషి ఉండడు. పతకం లేదు గనక ధైర్యం లేదనడం చాలా తప్పు మాట, యూనిఫాం వేసిన ఎవరినైనా అడుగు.

గూడెం అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. ఇది చదివి అమ్మకి గట్టిగా వినిపించాను. డిశ్చార్జ్ బుక్ దొరికింది గానీ చెదలు కొంత తినేశాయి, 9 ఇంజనీర్ అని ఒక చోట స్పష్టంగా ఉంది!! ఇంకో సంగతి, పశ్చిమీ స్టార్ రిబ్బన్ మీద కంచుతో చేసిన చిన్న ఆకు లాంటిది పిన్‌తో గుచ్చి ఉంది. ముందు దాన్ని అమ్మమ్మ ఏదో బ్రోచ్ పెట్టిందనుకుని పక్కకి తీసి పెట్టాను. అది పతకానికి సంబంధించినదేనా?

మాజీ సుబేదార్, నెల్లూరు

తీసిన చోటే మళ్లీ పెట్టు తల్లీ, వెంటనే. అది తామరాకు. యుద్ధ నివేదికల్లో పేరు పెట్టి ప్రస్తావించారన్న గుర్తు అది, మెన్షన్ ఇన్ డిస్పాచెస్ అంటారు. దానికి విడిగా పతకం ఉండదు, సంబంధించిన యుద్ధ పతకం రిబ్బన్ మీద ఈ ఆకు పెట్టుకుంటారు. అది అందరికీ ఇచ్చేది కాదు. మీ తాతగారు ఏదో చేశారు, దాన్ని ఎవరో చూసి, పేరు రాసి పైకి పంపారు. మీ మావయ్యగారికి ఈ ఆకు చూపించు.

బెంగళూరులోని మద్రాస్ సాపర్స్ రికార్డ్స్ ఆఫీసుకి ఆర్మీ నంబర్ వేసి ఉత్తరం రాయండి. నంబర్ డిశ్చార్జ్ బుక్‌లో పోతే గుండ్రటి పతకాల అంచు చూడండి, నంబరూ పేరూ అక్కడ చెక్కి ఉంటాయి. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు.

కంటోన్మెంట్ కోడలు, సికింద్రాబాద్

ఇప్పుడే చూశాను, కళ్లు చెమర్చాయి. ఫ్రేమ్ గురించి రెండు మాటలు. బ్రాసో లాంటి లోహపు పాలిష్ పెట్టి రుద్దకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి, మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. గమ్ వాడొద్దు, రిబ్బన్లని సూదీ దారంతో గుడ్డకి కుట్టించండి. పాత రిబ్బన్లు చివికిపోతే ఇక్కడ తిరుమలగిరిలో మిలిటరీ యూనిఫాంలు కుట్టే షాపుల్లో కొత్తవి అడగొచ్చు, కానీ పాతవి పారేయకండి, వాటిని కొత్తవాటి వెనకాల మడిచి ఉంచండి. ఫ్రేమ్ కింద ఆయన నంబరు, ర్యాంకు, పేరు, 9 ఇంజనీర్ రెజిమెంట్, 1963 నుంచి 1987 అని రాయించండి. గాజుకి పతకాలు తగలకుండా లోతుగా ఉండే ఫ్రేమ్ చేయమని చెప్పండి.

గూడెం అమ్మాయి

ఆకు మళ్లీ పెట్టేశాను. మావయ్యకి ఫోన్‌లో ఫొటో పంపితే కాసేపాగి ఆయనే ఫోన్ చేసి, ఉత్తరం ఖర్చూ ఫ్రేమ్ ఖర్చూ నేనిస్తాను, బెంగళూరుకి ఉత్తరం నా పేరు మీదే రాయి అన్నాడు. రిప్లై రాగానే ఇక్కడే పెడతాను.