పూటకొక తీరుగా మారే రోజును తోట పుస్తకంలో ఎలా రాసుకోవాలి?

ప్రశ్న (విజయవాడ, మిద్దెతోట)
ఉద్యోగ విరమణ తరువాత మేడ మీద పన్నెండు కుండీలు పెంచుతూ, ప్రతి రాత్రి ఆనాటి తోట పనిని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఆరుద్ర కార్తెలో వాతావరణం నిలకడగా ఉండడం లేదు. నిన్న ఉదయం వంగకు మట్టి గుల్ల చేస్తున్నప్పుడు ఎండ మాడ్చింది, గోంగూర కోస్తుండగా ఇంద్రకీలాద్రి వైపు నుంచి మబ్బు కమ్మి జల్లు పడింది, మధ్యాహ్నం మళ్ళీ ఉక్కపోసి, దీపాలు పెట్టే వేళకు గాలీ వానా వచ్చాయి. ఇదంతా పుస్తకంలో "ఎండ, వాన" అనే రెండు మాటలైంది. బీర పిందెలు వేలెడైనా కాకముందే పండుబారి రాలిపోతున్నాయి. కారణం కోసం వెనుకటి పుటలు తిరగేస్తే ఏమీ తేలలేదు. ఎలా రాస్తే ఉపయోగం?

జవాబు (గుంటూరు)
వాన పడిందని కాక, ఎన్ని గంటలకు పడిందో రాయండి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కనుక, మధ్యాహ్నపు జల్లు దానికి లెక్కలోనిది కాదు. దీపాల వేళ వానకు మాత్రం పుప్పొడి తడిసిపోతుంది, పురుగులూ పువ్వుల మీద వాలవు, పరాగ సంపర్కం జరగని పిందె రాలిపోతుంది. వాన వెలిసిన తరువాత పొడిగా ఉన్న మగ పువ్వును కోసి, రేకలు వెనక్కు మడిచి, అడుగున పిందె ఉన్న ఆడ పువ్వు కీలాగ్రానికి (పువ్వు నడుమ పుప్పొడిని అందుకునే కొనకు) మెల్లగా అద్దండి. రాలిన పిందెను ఒకసారి కోసి చూడండి. లోపల పురుగు ఉంటే అది పండు ఈగ పని, వానను తప్పుపట్టి లాభం లేదు.

జవాబు (విజయవాడ)
గంటలు రాయమన్న సలహా సరైనదే గాని, పుస్తకమంతా పద్దుల చిట్టా అయితే నాలుగు రోజులకే విసుగు పుడుతుంది. ఆ ఉక్కపోతలో మీకు తోచినది కూడా రెండు వాక్యాలు రాయండి. అన్నట్టు, పెన్సిలుతో రాయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు సిరాతో రాసిన పుటలన్నీ నీలం మరకలయ్యాయి, పెన్సిలు రాత మాత్రం ఆరబెట్టాక చదవగలిగాను.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. రాలిన మూడు పిందెలు కోసి చూశాను, పురుగు లేదు. పుస్తకంలో లేని గంటలు మా ఆవిడకు గుర్తున్నాయి: ఆరేసిన బట్టల కోసం ఈ వారంలో నాలుగు సాయంత్రాలు మేడ మీదికి పరుగెత్తిందట. ఈ రోజు వాన అయిదున్నరకే వెలిసింది. రెండు ఆడ పువ్వులకు పుప్పొడి అద్ది, గుర్తుగా కాడలకు ఎర్రదారం వదులుగా కట్టి, 6.10 అని పెన్సిలుతో రాశాను.