జీడితోటకి మందు ఎప్పుడు కొట్టాలి, లెక్క చూసా, అదను చూసా?

మందస రైతు:
మాది నాలుగెకరాల జీడితోట. మా మేనల్లుడు చెట్లన్నిటికీ నంబర్లు వేసి, వారానికోసారి తిరిగి ఏ చెట్టుకి ఎన్ని చిగుళ్లు మాడాయో ఫోన్లో ఎక్కిస్తున్నాడు. లెక్క పెరిగితేనే మందు అంటాడు. మా అన్నయ్యేమో చిగురుకొకటి, పూతకొకటి, పిందెకొకటి, మూడు తడవలూ కొట్టాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

కవిటి నుంచి:
అన్నయ్య మాటే వినండి. చిగుళ్లు మాడ్చేది టీ దోమ అనే పురుగు. అది రసం పీల్చిన చిగురు రోజుల్లో నల్లబడిపోతుంది. వారం ఆగి లెక్క చూసేసరికి పూత మాడి ఉంటుంది. పైగా ఆ దోమ పక్క తోటలోంచి వచ్చిపడుతుంది. తిరిగి రాసే మనిషికి కూలి ఎవరిస్తారు?

వజ్రపుకొత్తూరు నుంచి:
కవిటి అన్నా, టీ దోమ విషయంలో మీ భయం నిజమే. కానీ అది పంటని తింటుంది. చెట్టుని చంపేది దాని మొదలుని తొలిచే పురుగు. బెరడు కింద ఉంటుంది కాబట్టి మీ మూడు తడవలూ దానికి తగలవు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పోయాక మా తోటలో 60 చెట్లు మిగిలాయి. రెండేళ్లకి ఒకటి ఎండింది. గాలిదెబ్బే అనుకుని నరకలేదు. తర్వాత దాని పక్కవి రెండు ఎండాయి. అప్పుడు వంగి చూస్తే చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది, జిగురు. ఉలితో బెరడు లేపితే వేలంత తెల్లటి పురుగు. ఆ రోజే నోటుబుక్కులో తోట పటం గీసి, పొట్టు కనిపించిన చెట్టుకల్లా చుక్క పెట్టాను. ఆరు నెలలకి చూస్తే చుక్కలన్నీ ఎండిన చెట్ల చుట్టూనే ఉన్నాయి. వాటిని వేళ్లతో సహా తీయించి, చుట్టుపక్కల మొదళ్లే నెలనెలా వెతికాను. కూలి అక్కడ మిగిలింది.

ఇంకోటి. అక్కర్లేకుండా పూత మీద మందు కొడితే తేనెటీగలు పోతాయి. పిక్క కట్టాలంటే అవి రావాలి కదా.

విజయనగరం నుంచి:
మా నీలగిరి (యూకలిప్టస్) తోటలోనూ అంతే. ఆకు ఈనెల మీద బుడిపెలు వస్తాయి, పురుగు వాటి లోపల ఉంటుంది, మందు అందదు. ఏ రకం మొక్కకి ఎన్ని బుడిపెలో రాసుకున్నాకే మళ్లీ ఏది నాటాలో తెలిసింది.

కవిటి నుంచి:
పటం సంగతి ఒప్పుకుంటున్నాను, రేపే మా ఎండుచెట్ల దగ్గర వెతుకుతాను. కానీ టీ దోమకి ఒక్క తోట లెక్క చాలదు. మబ్బు పట్టిన రోజులు, చిగురు వచ్చిన తేదీ, పక్క తోటల లెక్క అన్నీ కలవాలి. మా ఊళ్లో ఎవరూ చెప్పరు. తోటలో పురుగుందని తెలిస్తే పిక్కలు కొనేవాళ్లు ధర తగ్గిస్తారని టెన్షన్.

వజ్రపుకొత్తూరు నుంచి:
పేరు ఎందుకన్నా? గెడ్డకి (వాగుకి) పడమటి తోటల్లో ఈ వారం ఇన్ని చిగుళ్లు మాడాయంటే చాలు. మందస అన్నా, చిగురు వచ్చే రోజుల్లో మీ మేనల్లుణ్ణి మూడు రోజులకోసారి తిరగమనండి. నాలుగు మూలలా, నడిమా కలిపి పది చెట్లు చూస్తే సరిపోతుంది. మొదట ఏ మూల మాడిందో అది మాత్రం తప్పకుండా రాయమనండి.