అమెరికా ట్రేడ్ కమిషన్ నుంచి రొయ్యల దిగుమతి ప్రశ్నావళి వచ్చింది, నింపి తీరాలా?

డాలస్, కిరాణా హోల్‌సేల్ (2023 నవంబర్)

అందరికీ నమస్కారం. డాలస్‌లో మాది చిన్న హోల్‌సేల్ వ్యాపారం. ఇండియన్ షాపులకు, హోటళ్ళకు సరుకు వేస్తాం. అందులో ఫ్రోజెన్ రొయ్య కూడా ఉంది, ఎక్కువగా భీమవరం వైపు నుంచి వచ్చేదే. ఈ వారం అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. దాంతో పాటు బోలెడు పేజీల వర్డ్ ఫైలు. 2020 నుంచి ఎంత తెప్పించారు, ఎవరికి ఎంతకు అమ్మారు, గోడౌన్‌లో ఎంత మిగిలింది, అన్నీ అడిగారు. సమాధానం తప్పనిసరి అని పైనే రాసి ఉంది, గడువేమో రెండు వారాలు కూడా లేదు. మా అకౌంటెంట్ ఇది దొంగ మెయిల్ అంటున్నాడు. ఇండియా రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం ఏళ్ళ తరబడి ఉంది కదా, మళ్ళీ ఇదేమిటి? ఇవ్వకపోతే ఏమవుతుంది? ఇస్తే మా రేట్లు పక్కవాళ్ళకు తెలిసిపోవా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

న్యూజెర్సీ, కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు

దొంగ మెయిల్ అయ్యే అవకాశం తక్కువ. అయినా ముందు పంపినవారి చిరునామా చివర యూఎస్ఐటీసీ డాట్ గవ్ అని ఉందో లేదో చూడండి. ప్రశ్నావళి మొదటి పేజీలో దర్యాప్తు అధికారి పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. కమిషన్ వెబ్‌సైట్‌లో అదే కేసు పేజీ తెరిస్తే అదే పేరు, అదే నంబరు కనబడతాయి. రెండూ కలిస్తే అసలుదే.

ఎందుకు వచ్చిందంటే, అక్టోబర్ 25న అమెరికన్ ష్రింప్ ప్రాసెసర్స్ అసోసియేషన్ కొత్త పిటిషన్ వేసింది. అందులో ఈక్వడార్, ఇండియా, ఇండోనేషియా, వియత్నాం ఉన్నాయి. మీరు చెప్తున్న పాత సుంకం 2005 ఫిబ్రవరి ఆదేశం. అది ధర తగ్గించి అమ్ముతున్నారన్న ఆరోపణ మీద వచ్చింది. ఇప్పుడు ఇండియా మీద వేసింది సబ్సిడీ కేసు, అంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే రాయితీల వల్ల సరుకు చవకగా వస్తోందని వాదన. రెండూ వేర్వేరు సుంకాలు, ఒకదానిపై ఒకటి పడవచ్చు.

ఈ పని రెండు సంస్థలు పంచుకుంటాయి. సబ్సిడీ ఉందా, ఎంత శాతం అనేది వాణిజ్య శాఖ తేలుస్తుంది. ఆ దిగుమతుల వల్ల ఇక్కడి పరిశ్రమకు నష్టం జరిగిందా అనేది కమిషన్ తేలుస్తుంది. మీకు వచ్చింది రెండో దాని ప్రశ్నావళి. మీ ధర న్యాయమా కాదా అని ఎవరూ మిమ్మల్ని నిలదీయడం లేదు. మార్కెట్లో ఎంత సరుకు దిగింది, ధరలు ఎటు పోయాయి, ఇక్కడివాళ్ళ వ్యాపారం ఏమైంది అన్న మూడు విషయాలు లెక్కగట్టడానికి అందరి పుస్తకాలూ అడుగుతున్నారు. పిటిషన్ వేసిన 45 రోజుల్లో ప్రాథమిక తీర్పు ఇవ్వాలని చట్టం. గడువు అంత బిగుతుగా ఉండడానికి కారణం అదే.

ఇవ్వకపోతే ఏమవుతుందంటే, 1930 టారిఫ్ చట్టం కింద కమిషన్‌కు సమన్లు పంపే అధికారం ఉంది. నాకు దానికంటే పెద్ద బాధ ఇంకొకటి. దిగుమతిదారులు మౌనంగా ఉంటే కమిషన్ దగ్గర మిగిలేవి పిటిషన్ వేసినవారి అంకెలు, కస్టమ్స్ గణాంకాలు. చిన్నవాళ్ళందరూ మన ఒక్క కాగితం ఎంతలే అనుకుంటే, చివరికి నివేదికలో మన మార్కెట్ ఎలా నడుస్తుందో చెప్పేవాళ్ళే ఉండరు. పైగా కమిషనర్ల ఓట్లు చెరిసగమైతే నష్టం ఉన్నట్టే లెక్క. దయచేసి నింపండి.

ఇక అసలు సంగతి. మీరు నిజంగా దిగుమతిదారేనా? కస్టమ్స్ ఎంట్రీ పత్రం, 7501 ఫారం, తీసి ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్ (కస్టమ్స్ రికార్డులో దిగుమతిదారు) గడిలో ఎవరి పేరు ఉందో చూసి చెప్పండి.

డాలస్, కిరాణా హోల్‌సేల్

చాలా థాంక్స్ అండీ. చూశాను. కొన్ని కంటైనర్ల మీద మా పేరే ఉంది. మిగతావాటి మీద మా సప్లయర్‌కు ఇక్కడున్న కంపెనీ పేరు ఉంది, సుంకాలన్నీ వాళ్ళే కట్టి మాకు గోడౌన్ దాకా దింపుతారు. ఇవి కాక లోకల్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర కూడా కొంటాం. ఎండు రొయ్యలు, రొయ్య పచ్చడి కూడా తెప్పిస్తాం. ఇవన్నీ రాయాలా?

న్యూజెర్సీ, కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు

మీ పేరున్న ఎంట్రీలు మాత్రమే మీ దిగుమతులు. సప్లయర్ కంపెనీ పేరు మీద వచ్చినవి ఆ కంపెనీ రాసుకుంటుంది. మీరూ రాస్తే ఒకే సరుకు రెండుసార్లు లెక్కకొస్తుంది. లోకల్‌గా కొన్నది మీకు కొనుగోలే, దిగుమతి కాదు. ఈ గ్రూపులో ఇంకెవరికైనా ప్రశ్నావళి వచ్చి, ఒక్క ఎంట్రీ మీద కూడా మీ పేరు లేకపోతే, వదిలేయకండి. మొదటి పేజీలోనే ‘దిగుమతి చేయలేదు’ అన్న గడి ఉంటుంది. అది టిక్ చేసి, సంతకం పెట్టి వెనక్కి పంపితే మీ పని అయిపోయింది.

ఎండు రొయ్యలు ఈ కేసు పరిధిలో లేవు. పచ్చడి అసలు ఫ్రోజెన్ సరుకే కాదు. బ్రెడింగ్ పూసినవి, డబ్బాల్లో వచ్చేవి, చన్నీటి రొయ్యలు కూడా బయటే. వెనామీ, టైగర్, మన నీలకంఠ రొయ్య మాత్రం ఫ్రోజెన్‌గా వస్తే లోపలికే వస్తాయి, చెరువుదైనా సముద్రానిదైనా. పరిధి వివరణ ప్రశ్నావళి మొదట్లోనే ఉంటుంది. కేసును బట్టి మాటలు మారతాయి కాబట్టి అది నిదానంగా చదవండి.

నింపేటప్పుడు ఎక్కువమంది తడబడేది విలువ దగ్గర. దిగుమతి విలువ అడిగిన పట్టికలో ఇన్వాయిస్ ధర ఒక్కటే రాయకూడదు. ఓడ కిరాయి, బీమా, బ్రోకర్ ఖర్చు, కట్టిన సుంకం అన్నీ కలిపి రేవులో దిగేటప్పటికి ఎంతయిందో రాయాలి. రేవు నుంచి మీ గోడౌన్‌కు లారీ కిరాయి కలపొద్దు. ధరల పట్టిక ఇంకోలా ఉంటుంది. ఫలానా కౌంట్ (ఒక బరువుకు ఎన్ని రొయ్యలు), ఫలానా రకం అని కొన్ని సరుకులు పేర్కొని, మూడు నెలలకొకసారి ఎంత బరువు ఎంతకు అమ్మారో అడుగుతారు. అక్కడ డిస్కౌంట్లు, తిరిగొచ్చిన సరుకు తీసేసి, మీరు కొనుగోలుదారుకు కట్టిన రవాణా కూడా తీసేసి నికరం రాయాలి. ఇది మీరు అమ్మిన ధర, కొన్న ధర కాదు. వాళ్ళు చెప్పిన రకానికి సరిగ్గా సరిపోయేవే అందులో వేయండి. దగ్గరగా ఉందని వేరే కౌంట్ కలిపితే సగటు ధర మారిపోయి, మనవాళ్ళు లేనంత చవకగా అమ్మినట్టు కనబడుతుంది. బరువు గ్లేజ్‌తోనా (రొయ్య మీద పూసిన మంచు పొర), గ్లేజ్ లేకుండానా అన్నది సూచనల్లో చూసి, మొత్తం ఫారం అంతా ఒకే పద్ధతి పాటించండి.

ధర కాకుండా కొనేవారు ఇంకేమి చూస్తారు అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో సరిపెట్టకండి. మీ హోటళ్ళు ఒకే సైజు, ఏడాది పొడవునా సరఫరా, ఒలిచి నరం తీసిన సరుకు కోరుతుంటే అది రాయండి. ధర ఒక్కటే కారణం కాదని చెప్పడానికి మీకున్న చోటు అదే.

మీ రేట్ల గురించి అడిగారు. మీ అంకెలు కంపెనీ పేరుతో బయటకు రావు. అందరివీ కలిపి ముద్రిస్తారు. ఒకరిద్దరివే అయి గుర్తుపట్టే వీలుంటే బహిరంగ నివేదికలో అక్కడ నక్షత్రపు గుర్తులు పెడతారు. రెండు పక్షాల బయటి లాయర్లు రక్షణ ఆదేశం కింద చూడగలరు గానీ తమ క్లయింట్లకు చెప్పకూడదు. చెప్తే కమిషన్ ముందు వాదించే హక్కే పోవచ్చు. ఇది పన్ను శాఖ కోసం తీసే వివరం కాదు. అయితే కస్టమ్స్‌లో మోసం కేసు దర్యాప్తు చేసే అధికారులకు చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి ఎంట్రీ పత్రాల్లో ఉన్నదీ ఇక్కడ రాసేదీ ఒకటే అయి ఉండాలి. ఫైలును మామూలు మెయిల్‌లో పంపకండి, వాళ్ళిచ్చిన సురక్షిత అప్‌లోడ్ లింకు వాడండి.

భీమవరం, ప్రాసెసింగ్ ప్లాంట్ అకౌంట్స్

గురువుగారూ, మాకు ఎగుమతిదారుల ప్రశ్నావళి వచ్చిందండి. మా లెక్కలన్నీ ఏప్రిల్ నుంచి మార్చి. వాళ్ళు జనవరి నుంచి డిసెంబర్ అడుగుతున్నారు. బ్యాలెన్స్ షీట్లో ఉన్నది అలాగే ఇచ్చేయొచ్చాండి? కెపాసిటీ అంటే ప్లాంట్ అనుమతి పత్రంలో ఉన్నదే వేయాలా? వచ్చే రెండేళ్ళకు అంచనాలు కూడా అడిగారు, అవి ఎలా ఇస్తామండి?

న్యూజెర్సీ, కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు

వద్దు తమ్ముడూ, క్యాలెండర్ ఏడాదికి మార్చాల్సిందే. నెలవారీ ఉత్పత్తి రిజిస్టరు, షిప్పింగ్ బిల్లులు పెట్టుకుని 2020, 2021, 2022 విడివిడిగా కట్టండి. 2023లో అడిగిన నెలలకు, పోలికకు 2022లో అవే నెలలకు మళ్ళీ వేరే వరుసలు ఉంటాయి. ఏడాది మొదట్లో ఉన్న స్టాకుకు ఉత్పత్తి కలిపి, అమ్మకాలు తీస్తే చివరి స్టాకు రావాలి. కుదరకపోతే వాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు.

కెపాసిటీ దగ్గర చాలా జాగ్రత్త. అనుమతి పత్రంలో ఉన్నది యంత్రాలు ఏడాదంతా ఆగకుండా నడిస్తే వచ్చే అంకె. మీకు రొయ్య రాక సీజన్‌ను బట్టి, వైరస్ తెగుళ్ళను బట్టి, ఒలిచే మనుషులు దొరకడాన్ని బట్టి ఉంటుంది. ప్రశ్నావళిలో స్థాపిత సామర్థ్యం వేరు, నిజంగా నడపగలిగే సామర్థ్యం వేరు. రెండింటికీ నిర్వచనాలు ఇచ్చారు, చదవండి. రెండు గళ్ళలో ఒకటే పెద్ద అంకె వేస్తే మీ ప్లాంట్ సగం ఖాళీగా ఉన్నట్టు తేలుతుంది. ఇప్పటిదాకా నష్టం జరగకపోయినా ముందు ముందు జరిగే ప్రమాదం ఉందా అని కూడా కమిషన్ చూస్తుంది. అలా చూసేటప్పుడు ‘ఇండియాలో ఇంత ఖాళీ సామర్థ్యం ఉంది, రేపు అదంతా ఇక్కడికే వస్తుంది’ అన్న వాదనకు మీ అంకెనే ఆధారం చేసుకుంటారు. తగ్గించి రాయమని నేను చెప్పడం లేదు. ఆ అంకె ఎలా వచ్చిందో, ఎన్ని రోజులు, ఎన్ని షిఫ్టులు, ఎంత ముడిసరుకుతో లెక్క వేశారో కిందనే వివరంగా రాయండి. అంచనాలకు కూడా అంతే, ఆర్డర్లు, సీడ్ స్టాకింగ్ (చెరువుల్లో రొయ్య పిల్లలు వదలడం) సమాచారం ఏది ఆధారమో చెప్పండి.

కౌంట్ కూడా ఒకసారి చూసుకోండి. చెరువు గట్టు మీద 40 కౌంట్ అంటే తలతో కలిపి కిలోకు 40. అమెరికా బిల్లులో 26-30 అంటే చాలావరకు తల తీశాక పౌనుకు అన్ని. మీ కొనుగోలు రిజిస్టరులోని కౌంట్ తెచ్చి వీళ్ళ పట్టికలో వేశారంటే మొత్తం తారుమారే.

ఇంకొకటి. వాణిజ్య శాఖ నుంచి కూడా వేరే ప్రశ్నావళి రావచ్చు. అది రాయితీల గురించి. ఇద్దరికీ ఇచ్చే ఎగుమతి అంకెలు తేడా లేకుండా చూసుకోండి. మన దేశంలో డీజీటీఆర్ (ఇలాంటి కేసులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) దగ్గర డంపింగూ నష్టమూ ఒకే చోట చూస్తారు కాబట్టి, ఇక్కడ ఒకరికి ఇస్తే చాలనుకునే ప్రమాదం ఉంది.

కైకలూరు, రొయ్యల రైతు కుటుంబం

అన్నా, ఒక్క మాట అడుగుతాను. ప్లాంటువాళ్ళకు ప్రశ్నావళి, దిగుమతిదారుకు ప్రశ్నావళి. సుంకం పడితే ఆ మొత్తాన్ని చెరువు గట్టు రేటులో కోసేది మాకు. మమ్మల్ని ఎవరు అడుగుతారు?

న్యూజెర్సీ, కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు

నిజమే. ఈ చట్టం చూసేది అమెరికా పరిశ్రమ నష్టాన్ని మాత్రమే, మీ నష్టానికి అందులో గడి లేదు. మీ మాట వెళ్ళాలంటే ప్లాంట్ల సమాధానాల ద్వారా, ఎగుమతిదారుల సంఘం, ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ద్వారానే వెళ్ళాలి. మేత ధర, మరణాల శాతం, పంట విరామాలు వంటివి భీమవరం తమ్ముడు సామర్థ్యం వివరణలో రాస్తే మీ పరిస్థితి కొంతైనా రికార్డులోకి ఎక్కుతుంది.

లూసియానా నుంచి

నేను ఈ వ్యాపారంలో లేను, గల్ఫ్ తీరంలో ఉంటాను. ఇక్కడ పడవల మీద బతికే కుటుంబాలు, వాళ్ళలో వియత్నాం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు చాలామంది, డీజిల్ ధర పెరిగి రేవు దగ్గర రొయ్య ధర పడిపోయి పడవలు కట్టేసుకుంటున్నారు. పాత కేసులో ప్రాసెసర్లతో పాటు ఈ మత్స్యకారులనూ దేశీయ పరిశ్రమగా లెక్కించారు. వాళ్ళూ ఇలాంటి కాగితాలే నింపుతున్నారు. ఎదుటివాళ్ళను దోషులుగా చూడకుండా మనం మన లెక్క సరిగ్గా ఇద్దాం.

డాలస్, కిరాణా హోల్‌సేల్

పంపేశాను అండీ. ఒక పట్టిక అర్థం కాక దర్యాప్తు అధికారికి ఫోన్ చేస్తే ఓపికగా చెప్పారు, లాయరు అవసరం పడలేదు.

న్యూజెర్సీ, కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు (2024 డిసెంబర్)

ఈ చర్చను ఇప్పటికీ చూస్తున్నవారి కోసం. 2023 డిసెంబర్‌లో కమిషన్ నష్టం ఉన్నట్టు ప్రాథమికంగా తేల్చింది, తర్వాత తుది దశలో మళ్ళీ ప్రశ్నావళులు వచ్చాయి. మొన్న నవంబర్ 19న తుది ఓటు కూడా నష్టం ఉందనే పడింది. ఈక్వడార్, ఇండియా, వియత్నాం సరుకు మీద సబ్సిడీ సుంకం, ఇండోనేషియా మీద డంపింగ్ సుంకం ఆదేశాలు వచ్చాయి. ఇండియాలో విడిగా పరిశీలించిన రెండు కంపెనీలు కాక మిగతావాటికి రేటు 5.77 శాతం. ఇది 2005 నాటి డంపింగ్ సుంకానికి అదనం.

డాలస్ సోదరుడికి ముఖ్యంగా: ఈ సుంకానికి ముందుగా కట్టే డిపాజిట్ కట్టాల్సింది ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్. మీ పేరు మీద వచ్చే కంటైనర్లకు అది మీరే. వార్షిక సమీక్షలో రేటు పెరిగితే తేడా కూడా వెనక్కి వచ్చి మీ మీదే పడుతుంది. కొత్త ఆర్డర్ పెట్టేముందు ఎవరి పేరు మీద ఎంట్రీ వేయాలో సప్లయర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఎంట్రీ పత్రాలు ఐదేళ్ళు దాచడం ఎలాగూ నియమం. వాటితో పాటు ఈ ప్రశ్నావళి కోసం వేసిన లెక్కల ఫైలు కూడా ఉంచండి. ఐదేళ్ళకు ఆదేశాల మీద సమీక్ష వస్తుంది, అప్పుడు మళ్ళీ ఇలాంటి పట్టికలే అడుగుతారు.