10 నిమిషాలు నెట్ పోయి వస్తే రిసీవర్ ప్రోగ్రామ్ కొత్త ప్యాకెట్లన్నీ పాతవే అంటోంది

యూడీపీ (ప్యాకెట్లు వరుసగా చేరతాయన్న హామీ లేని నెట్‌వర్క్ పద్ధతి) మీద సెకనుకు 60 ప్యాకెట్లు వస్తాయి. సీక్వెన్స్ నంబర్ 16 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేనిది), సుమారు 18 నిమిషాలకోసారి 65535 దాటి 0కి తిరుగుతుంది.

వచ్చిన నంబర్‌ని చివరిగా తీసుకున్నదానితో నేరుగా పోలిస్తే రిసీవర్ 65535 తర్వాతి 0ని పాతదనుకుని పారేసింది. రెండింటి తేడా తీసి చూశాను, మళ్ళీ అదే తప్పు. సీ భాషలో తీసివేత 32 బిట్ల ఇంట్‌లో జరుగుతుంది కాబట్టి 0 - 65535 అంటే 1 కాదు, -65535 వచ్చింది. (ఇది పట్టుకోవడానికే రెండు రోజులు పట్టింది.) తేడాను 16 బిట్ల సైన్డ్‌కి (-32768 నుంచి 32767 వరకు) మార్చాక మామూలుగా బాగానే నడుస్తోంది.

కానీ పంపే వైపు ఆగకుండా రిసీవర్‌కి 10 నిమిషాలు నెట్ పోతే తేడా 36000, అంటే 32767 దాటేసింది. ఆ తర్వాత మరో 8 నిమిషాలు ఒక్క ప్యాకెట్టూ తీసుకోదు. హెడర్ (ప్యాకెట్ మొదట్లో ఈ నంబర్ ఉండే భాగం) మార్చే వీల్లేదు.

ఇంత గ్యాప్ తర్వాత, ఆలస్యంగా వచ్చిన పాత ప్యాకెట్‌నీ నిజంగా కొత్తదాన్నీ రిసీవర్ వైపే నమ్మకంగా ఎలా వేరు చేయాలి?