బాప్తిస్మం తీసుకున్నోడు జాతరలో తప్పెట కొట్టొచ్చా?

పెన్నాగట్టు:
మాది జమ్మలమడుగు తట్టు పల్లె. మా చిన్నమామ పోయినేడు బాప్తిస్మం తీసుకున్నాడు. సారాయి ఇడిసిపెట్టినాడు, పేకాట ఇడిసిపెట్టినాడు. మా అత్త ఇప్పుడు కంటినిండా నిద్రపోతాంది. ఇంతవరకు ఎవురికీ పేచీ లేదు. తగువంతా తప్పెట కాడ వచ్చింది. గంగమ్మ జాతరకు, పీర్ల పండక్కు, ఊర్లో పీనుగ లేస్తే శ్మశానం దాకా కొట్టేది తాతల కాలం నుంచి మా ఇంటోళ్లే. పాస్టరయ్యేమో ‘అది పాత బతుకు, వదిలెయ్’ అంటాడు. ఊరి పెద్దలేమో ‘మీ దేవుడు మీకు, మా జాతర మాకు. ఒక్క దినం వచ్చి కొట్టిపో, దండిగా ఇస్తాం’ అంటాండారు. మామ నన్నడిగినాడు. మీరేమంటారు? ఏ మతం మంచిదనే పంచాయితీ మాత్రం ఈడ పెట్టద్దండి.

నూతనసృష్టి:
క్రీస్తులో ఉన్నవాడు నూతన సృష్టి, పాతవి గతించాయి అని రెండో కొరింథీ 5:17 చెబుతోంది. ‘కొన్ని గతించాయి’ అని లేదు. పొట్టేలు తల తెగేటప్పుడు కొట్టే దెబ్బ వేరు, ఊరేగింపు దెబ్బ వేరు; ఏది ఎవరి కోసమో కొట్టే చేతికి తెలుసు. ఆ దెబ్బకే పూనకం వస్తుంది. అది ఆరాధన కాదంటే ఎలా?
ఇంకో మాట. తప్పెట కాగబెట్టే మంట దగ్గరే క్వార్టర్ సీసా చేతికొస్తుంది. సారాయి మానిన మనిషిని అక్కడ కూర్చోబెట్టడం న్యాయమా?

సీమరాయి:
క్రిస్మస్‌కు మైకులు, ప్యాడ్లు పెట్టి ఊరు దద్దరిల్లేలా కొడతారే, అది పరిశుద్ధం, మా తప్పెట మాత్రం సైతానుదా? 150వ కీర్తన తీసి చూడన్నా. తంబుర, పిల్లనగ్రోవి, మ్రోగు తాళాలు అన్నీ ఉండాయి. తోలుకు మతమేంది?

పాత అయివారు:
నాయనా, వాక్యం తెచ్చారు కాబట్టి నేనూ ఒకటి తెస్తా. రెండో రాజులు 5వ అధ్యాయం. నయమాను కుష్ఠు పోయి, ఇక యెహోవాకు తప్ప ఎవరికీ బలి అర్పించనన్నాడు. వెంటనే ఒక మినహాయింపు అడిగాడు: మా రాజు రిమ్మోను గుడిలో నా చేతిమీద ఆనుకొని మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దాన్ని క్షమించమని. ఎలీషా గద్దించలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. కొత్తగా వచ్చిన మనిషికి అంత సందు ఇవ్వకపోతే ఎలా?

అనంతపురం అక్క:
అయివారూ, నయమాను సేనాధిపతి. మా మామలు సేనాధిపతులు కారు.
ఇంతసేపూ దేవుడికి ఇష్టమా కాదా అనే మాట్లాడినారు. ఆ తప్పెట మా వీధోళ్ల మెడలోనే ఎందుకు పడిందని ఒక్కరన్నా అడిగినారా? ఇది కొత్త తగువేం కాదు. ఒంగోలు తట్టు 1860లలో క్లౌ అనే అమెరికా మిషనరీ దొర దగ్గర బాప్తిస్మానికి వచ్చిన మాదిగోళ్లకు మూడు షరతులు: చచ్చిన గొడ్డు మాంసం తినగూడదు, ఆదివారం పని చేయగూడదు, విగ్రహాలకు మొక్కగూడదు. ఆ మూడూ పాటిస్తే ఊరి చాకిరీ సగం ఆగిపోతుంది. జాతరకు తప్పెట కొట్టమంటే రామన్నారు. ఊర్లోకి రానీలేదు, బావి నీళ్లు ముట్టనీలేదు. భక్తి ఎంతుందో నేను కొలవలేను గానీ, నాకది సమ్మె మాదిరే కనపడతాంది.
కాబట్టి పాస్టరయ్య కారణం తప్పు, చెప్పింది మాత్రం ఒప్పు. సీమరాయన్నా, తోలుకు మతం లేకపోవచ్చు, కులముంది. దండిగా ఇస్తామంటాండారు కదా, పెద్దల కొడుకులనే నేర్చుకోమనండి, మీ మామే నేర్పిస్తాడు. మామ రానంటే రేపు పొద్దున కూలికి పిలుస్తారా, అంగట్లో అప్పు పెడతారా? పెడతారంటే, అప్పుడు కొట్టేదీ మానేదీ ఆయప్ప ఇష్టం.

సీమరాయి:
ఆ మాటకొస్తే డప్పు కళాకారుల పింఛను నెలకు 4,000 ఇస్తాండారు. తప్పెట మానేస్తే అదీ మానాలనా?

పాత అయివారు:
అది చిక్కే, కులం కాగితం దగ్గర వచ్చే చిక్కు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారితే ఇక్కడ బీసీ-సి, ఉద్యోగాల్లో, చదువుల్లో 1 శాతం. అందుకే చాలామందికి ఆదివారం ఒక పేరు, మండలాఫీసులో ఇంకో పేరు. పాత బతుకు వదలమని చెప్పేవాళ్లు ఈ కాగితం సంగతి ఎత్తరు.

నూతనసృష్టి:
కాగితం గురించి మా సంఘంలోనూ ఎవరూ నోరు విప్పరు, నిజమే. అక్క చెప్పిన చరిత్రా కాదనను. కానీ ఊరి మీద కోపంతో మానితే అది సమ్మె, విశ్వాసం కాదు. రెండూ ఒకటి కావు.

అనంతపురం అక్క:
ఆకలైనోనికి రెండూ ఒకటే తమ్ముడూ.

పెన్నాగట్టు:
మామకు ఇదంతా చదివి వినిపించినా. కూలికి పిలుస్తారంట, దానికి భయం లేదు. జాతరకు పోనని గట్టిగా చెప్పినాడు. పీనుగ కాడ మాత్రం మనసు తెగడం లేదు. ‘సచ్చినోని మీద పంతమేందిరా’ అంటాడు.

నూతనసృష్టి:
చావింటికి పోవద్దని ఎవరన్నారు? తప్పెట లేకుండా పొమ్మనండి, అందరిలాగే పోయి నిలబడమనండి.

అనంతపురం అక్క:
తప్పెట లేకుండా పోతే యాడ నిలబడనిస్తారో, అది చూడాల.