సమస్య: "బుట్టఁబడిన బంతి పుట్టి ముంచె"

నీలాకాశం (నిర్వహణ)
ఈ వారం సమస్య ఇదిగో:

*బుట్టఁబడిన బంతి పుట్టి ముంచె*

షరతు ఒక్కటే. కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఓడినవాళ్ల బాధ అందులో ఉండాలి. 2016 ఏప్రిల్ 4, హ్యూస్టన్, విలనోవా 77, నార్త్ కరొలైనా 74 అయితే మరీ సంతోషం. సంతోషం అనడం కూడా పొరపాటే, ఆ రాత్రి నాకింకా అరగలేదు. నార్త్ కరొలైనాలో మా కేరీ, మోరిస్‌విల్ వైపు తెలుగిళ్లలో ఆ మ్యాచ్ మాట ఎత్తితే ఇప్పటికీ ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. 1983, 1993, 2010 ఫైనల్స్ మీదైనా రాయొచ్చు. క్రికెట్ మాత్రం వద్దు. పోయినసారి కబడ్డీ అంటే సగం మంది సిక్సర్లు కొట్టారు.

కొత్తకలం
నా మొదటి ప్రయత్నం. పెద్దలు చూడాలి.

నాల్గు సెకనులుండ నడికోర్టు దాఁటించి
వెనుక వచ్చువాని వీలుఁ జూచి
చేతి కందఁజేయ జెంకిన్సు విసరిన
బుట్టఁబడిన బంతి పుట్టి ముంచె

యతిభంగం
గణాలు సరి, యతులు సరి. ఉన్నవి 4.7 సెకన్లు, ఆ మిగతా ముక్క ఎవరు తిన్నారో తెలియదు. అది వదిలేద్దాం. ఇందులో సమస్య ఎక్కడ తీరింది? ఎదుటివాడు బుట్టలో వేస్తే మన పుట్టి మునుగుతుంది. ఇది పూరణ కాదు, మర్నాటి పేపర్లో వార్త.

నీలాకాశం (నిర్వహణ)
కొత్తకలం గారూ, ఆయన మాటకు బెదిరిపోకండి, అందరికీ అలాగే స్వాగతం చెబుతారు. మీ రెండో పాదం నాకు బాగా పట్టింది. బంతి బయటినుంచి లోపలికి అందించింది విలనోవా జెంకిన్సే. అందించినవాడు మెల్లగా వెనకాలే వస్తుంటే మావాళ్లెవరూ పట్టించుకోలేదు, అందరి కళ్లూ బంతి అందుకున్న ఆర్చిడియాకొనో మీదే. నాలుగేళ్లు ఆడిన సీనియరు, ఆఖరి బంతి, తనే వేస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన వెయ్యకుండా పక్కకు చెయ్యి చాపి వెనకవాడికి ఇచ్చాడు. "వెనుక వచ్చువాని వీలుఁ జూచి" అన్నప్పుడు అదంతా నా కళ్ల ముందు మళ్లీ జరిగింది. మంచి పాదమే, నాకు మాత్రం కడుపులో తిప్పింది.

తెనాలి మాష్టారు
నాయనా, నాకు ఆట తెలియదు, పద్యం తెలుసు. బంతి బుట్టలో పడితే పాయింటే కదా, ఇక మునగడం దేనికి? అది తేల్చినవాడిదే పూరణ. ఎవడి బుట్ట, ఎవడి బంతి, ఎవడి పుట్టి, మూడూ ఒకడివే కావాలి. అప్పుడు మజా.

గోదారి గట్టు
మాష్టారూ నమస్కారం. చాలాకాలానికి.

రంగుకాగితాలు రాలె నాకసమున
నీలిచొక్కావారు నేలకొరగ
జోర్డనంతవాఁడు చూచుచు నుండఁగా
బుట్టఁబడిన బంతి పుట్టి ముంచె

యతిభంగం
రెండో పాదం, రెండో గణం.

గోదారి గట్టు
చెప్పరాదా, దాచుకోవడం దేనికి?

యతిభంగం
"చొక్కా". క్కా దగ్గర దీర్ఘం. రెండు గురువులు పక్కపక్కన కూర్చుంటే అక్కడ ఏ గణం పడుతుందో మీరే చెప్పండి. ఇన్నేళ్ల సభ్యత్వం తర్వాత ఇది నేను చెప్పాలా?

గోదారి గట్టు
మా వైపు చొక్క అనే అంటారు. పైకి చదివి చూడండి, నాలుక ఎక్కడా తట్టుకోదు. మీకు చెవితో పని లేదు, స్కేలు ఒకటుంటే చాలు.

కలకంఠి
గట్టు గారి మూడో పాదం మాత్రం నాకు భలే నచ్చింది. మైకేల్ జోర్డన్ ఆ రాత్రి స్టాండ్స్‌లోనే ఉన్నాడు. 1982లో జార్జ్‌టౌన్ మీద ఆఖరి బుట్ట వేసి కరొలైనాకి 63–62తో టైటిల్ తెచ్చినవాడు, ఇప్పుడు అదే జట్టు ఆఖరి బుట్టకే ఓడుతుంటే కూర్చుని చూశాడు. "అంతవాఁడు" అన్న మాటలో అదంతా ఉంది. ఒక్క సందేహం. మూసిన కప్పు కింద ఆకసం ఎక్కడిదండీ?

నాది కూడా పెడుతున్నా:

ఒక్క యింటఁ బెరిగి యొకబువ్వఁ దినినారు
అవల నొకఁడు నిలిచె నివల నొకఁడు
బ్రిట్టు చూచుచుండ బెదరక విసరిన
బుట్టఁబడిన బంతి పుట్టి ముంచె

డెలావేర్ బాబాయి
అమ్మాయ్, శభాష్! ఇది తెలియనివాళ్లకు: విలనోవా జెంకిన్స్‌ని చట్టప్రకారం గార్డియన్లుగా తీసుకుని పెంచింది కరొలైనా ఆటగాడు నేట్ బ్రిట్ కుటుంబమే. ఆ తల్లిదండ్రులు ఆ రాత్రి ఎవరికి చప్పట్లు కొట్టాలి? కర్ణుడి కథలో కుంతికి వచ్చిన చిక్కే.

యతిభంగం
రెండో పాదంలో ప్రాసయతి, అవల–ఇవల, పాదమంతా లఘువులే. పరుగులా ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ విసరినది ఎవరు? మూడో పాదంలో చూసేవాడికి పేరుంది, వేసేవాడికి లేదు. కర్త కోసం చదివేవాడు జేబులు తడుముకోవాలి.

కలకంఠి
బ్రిట్ చూస్తుంటే వేసినవాడు ఎవరో ఈ పేజీలో తెలియనివాళ్లు మీరొక్కరే.

తెనాలి మాష్టారు
"ఒకబువ్వ" దగ్గర నా మనసు ఆగిపోయింది. కర్త అధ్యాహారం, దోషం కాదు. అయినా మూడూ ఒకడివి కాలేదమ్మా. బంతి వాడిది, మునిగింది వీడు.

నీలాకాశం (నిర్వహణ)
మాష్టారు అడిగినది నేను చెబుతాను. ఈ పాదం ఇవ్వడానికి కారణమే అది.

అందరూ జెంకిన్స్ వేసిన బంతి గురించే రాస్తారు. కరొలైనా అభిమానికి గుచ్చుకునేది అది కాదు, దానికి ముందు పడినది. చివరి ఐదారు నిమిషాలప్పుడు మేం 10 పాయింట్లు వెనక. సగం ఆటకు 39–34తో ముందున్నవాళ్లం, ఇలా అయ్యామేమిటని ఆశ వదిలేసుకున్నాం. వదిలేసుకోవడంలో కూడా ఒక సుఖం ఉంటుంది, ఫోను తీసి రేపటి మీటింగులు చూసుకోవచ్చు. మా మార్కస్ పేజ్ అలా చూసుకోనివ్వలేదు. 74–71 దగ్గర బంతి అతని చేతికొచ్చింది. గాల్లోకి లేచాడు, ఆర్చిడియాకొనో అతని మీదికి దూకాడు. పేజ్ కాళ్లు రెండూ చెరోవైపు విడిపోయాయి, పైకెత్తిన బంతిని గాల్లోనే కిందికి లాక్కుని మళ్లీ ఎత్తి తోశాడు. అలా తోసింది పడకూడదు. పడింది, మూడు పాయింట్లు. 74–74.

కాలేజీ ఆటలో చివరి నిమిషంలో బుట్ట పడగానే గడియారం ఆగుతుంది. 4.7 దగ్గర ఆగింది. విలనోవా టైమవుట్ తీసుకుని కూర్చుని మాట్లాడుకుంది. ఆ సావకాశం వాళ్లకిచ్చింది ఎవరు? మా బంతే.

పేజు విసరె గాలిఁ బెనఁగుచు మూఁడుకు
సరికి సరి యటంచు సంబరపడఁ
గాల మాగిపోయె గడువిచ్చె వైరికి
బుట్టఁబడిన బంతి పుట్టి ముంచె

తెనాలి మాష్టారు
ఇదీ! ఇప్పుడు మూడూ ఒకడివే. బంతి నీదే, బుట్టలో పడిందీ నీదే, మునిగిందీ నువ్వే. "సంబరపడఁ గాల మాగిపోయె" అని పాదం దాటించావు చూడు, సంబరం పూర్తి కాకుండానే కాలం వచ్చి పడింది. ఒక్క చిన్న మాట. "మూఁడుకు" అనరు, "మూఁటికి". గణం మారదు, మార్చుకో.

డెలావేర్ బాబాయి
పద్యానికి వంద మార్కులు, వాదానికి సున్నా. పేజ్ వెయ్యకపోతే 74–71తో ఎలాగూ ఓడేవారు. మునుగుతున్న పుట్టిని ఆ బంతి నాలుగు సెకన్లు పైకి లేపింది, పాపం ముంచలేదు. నిజానికి మీకు మేలే చేసింది.

నీలాకాశం (నిర్వహణ)
బాబాయ్, మీరు స్కోరుబోర్డు లెక్క చెబుతున్నారు. 74–71తో పోయుంటే అదొక ఓటమి, రెండేళ్లకు మర్చిపోయేవాళ్లం. ఇప్పుడెవడికీ మర్చిపోయే వీల్లేదు. కాలేజీ బాస్కెట్‌బాల్లో అంత గొప్ప షాటు వేసినవాడు ఐదు సెకన్లలో ఓడిపోయినవాడయ్యాడు. ఆ రాత్రి అతను 21 పాయింట్లు చేశాడు, అదీ ఎవరికీ గుర్తులేదు. మరుసటి ఏడాది గ్లెన్‌డేల్‌లో గొంజాగా మీద 71–65తో గెలిచి మావాళ్లు కసి తీర్చుకున్నారు. అప్పటికి పేజ్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. జట్టు పుట్టి ఒడ్డుకు చేరింది, అతనిది చేరలేదు. 2022లో న్యూ ఆర్లియన్స్‌లో సగం ఆటకు 40–25తో ముందుండి కాన్సస్ చేతిలో 72–69తో పోయాం. లెక్కప్రకారం దానికి ఎక్కువ ఏడవాలి. రాదు. ఆ రోజు మధ్యలో ఆశ పోయింది, చివర్లో ఇచ్చి లాక్కోలేదు.

"మూఁటికి" మార్చాను మాష్టారూ.

డెలావేర్ బాబాయి
సరే, మీ ఏడుపు మీరు ఏడవండి. మా వైపునుంచి కూడా ఒకటి ఉండాలి కదా. 1985 తర్వాత మా విలనోవాకి అదే మొదటి టైటిల్.

ముప్పదొక్క యేండ్ల మునుపటి ముచ్చట
మరల వచ్చె మాకు మనసు పొంగ
మేము గట్టుఁ జేర మీకేమొ నడియేట
బుట్టఁబడిన బంతి పుట్టి ముంచె

కలకంఠి
గట్టు, నడియేరు, పుట్టి, మూడూ ఒక్క నదిలోవే. బాబాయి గారు పద్యంలో కూడా గెలిచేలా ఉన్నారు.

గోదారి గట్టు
"మేము గట్టుఁ జేర" అని నా పేరు కలిపినందుకు ధన్యవాదాలు. అందరూ అన్నీ దిద్దుతున్నారు, నా చొక్కా మాత్రం అలాగే ఉంది.

యతిభంగం
దాన్నీ దిద్దుతాను. ముందు ఒక విషయం. ఆ రాత్రి కరొలైనావాళ్లు నీలి చొక్కాల్లో లేరు. ఒకటో సీడు, అంటే టోర్నీ ర్యాంకులో పైవాళ్లు కాబట్టి తెల్లవి వేసుకున్నారు, ముదురు నీలం విలనోవాది. అంటే మీ పాదం ప్రకారం నేలకొరిగింది గెలిచినవాళ్లు. గణం తప్పు, రంగు తప్పు. రెండో పాదం ఇలా ఉండాలి:

*తెల్లబట్టవారు తెల్లఁబోవ*

తెనాలి మాష్టారు
ఆహా! ఓరి నీ... తెల్లబట్టవారు తెల్లఁబోవ! ఇంత చక్కటి పాదం నీ దగ్గర ఉంచుకుని ఇంతసేపూ తప్పులు లెక్కపెడుతూ కూర్చున్నావా? సొంత పద్యం ఎందుకు పెట్టవయ్యా?

గోదారి గట్టు
పెట్టరు మాష్టారూ. పెడితే ఎవరైనా స్కేలు తీస్తారని భయం. పాదం బాగుంది, కాదనను, నా పద్యంలోకి తీసుకుంటున్నా. మిగతా మూడు పాదాలూ నావే కాబట్టి పద్యం నాదే.

యతిభంగం
తీసుకోండి. మీకు పేర్లు, రంగులు, దీర్ఘాలు ఎప్పుడూ ఇంతే. పోయిన ఏడాది "గురినిఁ దప్పినదియె గురినిఁ జేరె" సమస్యకు మీరు చేసిన ఘనకార్యం ఎవరూ మర్చిపోలేదు. 1983 ఫైనల్, హ్యూస్టన్ మీద నార్త్ కరొలైనా స్టేట్ 54–52. ఆఖర్లో గురి తప్పింది స్టేట్ ఆటగాడు విట్టెన్‌బర్గ్, దాన్ని అందుకుని బుట్టలో వేసింది చార్లెస్. ఆ విట్టెన్‌బర్గ్‌ని మీరు "విట్టెనబరు గేసె" అని మూడు ముక్కలు చేసి గణాల్లో కుక్కారు. నేను ఉండేది హ్యూస్టన్‌లో. ఓడించినవాడి పేరైనా సరిగ్గా వినే హక్కు మాకు లేదా?

గోదారి గట్టు
ఆ పేరులో వరసగా మూడు గురువులు, తర్వాత లఘువు. ఆటవెలదిలో అది ఎక్కడా కూర్చోదు. మహామహులకే సాధ్యం కాదు. పేరు విరవక తప్పదు, కవికి ఆ స్వేచ్ఛ ఉంది.

కలకంఠి
మళ్లీ మొదలు. ఆ దారంలో కూడా ఇదే గొడవతో నా పూరణ ఎవరూ చదవలేదు.

నీలాకాశం (నిర్వహణ)
హ్యూస్టన్‌వాళ్లకి ఈ ఆటలో కలిసిరావడం లేదని నాకూ జాలే. 1983లో అలా, 2025లో ఫ్లోరిడా చేతిలో 65–63తో, ఆఖర్లో షాటు కూడా వెయ్యలేక. కానీ దయచేసి దారం మళ్లీ 1983కి పోనివ్వకండి.

యతిభంగం
ఒక్క పోస్టు, ఆపేస్తాను. "ఎక్కడా కూర్చోదు" అన్నారు కదా. బేసి పాదం చివర, రగణం ఆఖరి గురువుగా "వి" పెట్టి, మిగతాది తగణం చెయ్యండి, పేరు విరగదు.

దండియైన దవ్వునుండి విట్టెన్‌బర్గు
విసరె, రింగు తాక వీలులేక
చార్లె సందుకొనుచుఁ జకచక దిగవేసె
గురినిఁ దప్పినదియె గురినిఁ జేరె

తెనాలి మాష్టారు
దండి–నుండి ప్రాసయతి. పేరు చెక్కుచెదరలేదు. గట్టూ, ఉన్నావా?

గోదారి గట్టు
ఉన్నా. "దండియైన దవ్వు" ఏమిటండీ, దవ్వు దండిగా ఉంటుందా? ప్రాసకోసం తెచ్చిపెట్టిన మాట కాదూ అది?

కొత్తకలం
నా పద్యంలో 4.7 సరిచేసి పెట్టనా, వద్దా?